మాస్టారిని దాటిన చిప్ప

మా దీవిలోని ద్రాసా ఊళ్ళో మా లెక్కల మాస్టారు, మత్తునిచ్చే యంగోనా వేరు పానీయం ఉన్న కొబ్బరి చిప్ప అందుకునే ముందు, ఆచారం తప్పకుండా అరచేతులు గుల్లగా చేసి ఒకసారి చరిచేవారు.

సువా పట్నంలోని మానసిక ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన అమ్మాయిని మా క్లాసు "పగ్లీ" అని ఏడిపిస్తుంటే, మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు.

"నేనూ అక్కడ ఉండి వచ్చా, బేటా. ఇప్పుడు కూడా దవాయి మాత్రలు తింటా. నన్నూ పాగల్ అనండి."

మర్నాడు ఆ అమ్మాయి బల్ల మీద, ఆమె పక్కన మరో ఇద్దరు కూర్చున్నారు.

ఆ శుక్రవారం బడి వరండాలో పెద్దలు యంగోనా కలిపారు. కిటికీలోంచి నేను వంతులు లెక్కపెడుతున్నాను. మాస్టారు తన వంతుకి చేతులు చరిచారు. చిప్ప పక్కాయనకు వెళ్ళింది.

"దవాయి తినేవాళ్ళకి ఇది పడదు గదా, మాస్టర్‌జీ," అన్నాడు పోసే ఆయన, ఎటో చూస్తూ.

"అవునవును," అన్నారు మాస్టారు.

మళ్ళీ ఆయన వంతు వచ్చింది. ఈసారి చేతులు చరచలేదు. గుల్లగా చేసిన అరచేతులు ఒడిలోనే ఉండిపోయాయి.