సుందరరాజు మూడో దారం

సుందరరాజు మామంటే తిరుపతి లాడ్జీల వాళ్లకు భయం. బోర్డు రాసేటప్పుడు కింద నిలబడి ఎవరైనా సలహా ఇచ్చారా, నిచ్చెన దిగి, బ్రష్ వాళ్ల చేతిలో పెట్టి, "నువ్వే రాసుకోబ్బా" అని వెళ్లిపోయేవాడు. నగరిలో మగ్గం వదిలి రంగుల డబ్బా పట్టిన మనిషి. నాకు చుట్టమేమీ కాదు. నా డీటీపీ షాపు బోర్డు రాసింది ఆయనే, అప్పటి నుంచి మామా అని పిలిచేదాన్ని.

2004 నాటికి ఫ్లెక్సులు వచ్చి ఆయన నోట్లో మన్ను కొట్టాయి. బోర్డులు రాయించే వాళ్లే లేకపోయారు. అప్పుడు ఫ్లెక్సు షాపు రఘునాథ్ ఒక మాట అన్నాడు.

"నీ అక్షరాలు కంప్యూటర్లోకి ఎక్కించుకోని రాప్పా. నా ఫ్లెక్సులన్నీ వాటితోనే ఏస్తా. నువ్వూ ఈడనే కూసోని పని సూసుకో."

మామకు అంతకు మించి దారి లేదు. ఆయన కాగితాల మీద గీసిచ్చాడు, నేను ఒక్కో అక్షరం స్కాన్ చేసి ఫాంటు తయారుచేశాను. ఆర్నెల్లు పట్టింది.

నా కంప్యూటర్లో ముచ్చటగా కనిపించింది. రఘునాథ్ షాపులో తెరిస్తే ఒళ్లు మండిపోయింది. పై వరుస వత్తులు కింది వరుస గుడుల నెత్తిన కూర్చున్నాయి.

"నా అక్షరాల్ని నాశనం సేసినావు గదమ్మే!" అని అందరి ముందరా మామ నా మీద పడ్డాడు.

నాకూ నోరుంది. "కొలతలిచ్చింది ఎవురు మామా?" అన్నాను.

బోర్డులు రాసేవాళ్లు ముందు సుద్దపొడి అద్దిన దారంతో గోడ మీద గీతలు కొడతారు. తలకట్టుకు ఒకటి, అక్షరం పాదానికి ఒకటి, వత్తులకు మూడోది. ఈ మహానుభావుడు ఏనాడూ మూడో దారం కొట్టలేదు. వత్తును కంటి అంచనాతో దించి, కింది వరుసను దానికి తగ్గట్టు జరిపేవాడు. ఫాంటుకూ రెండు దారాల ఎత్తే చెప్పాడు. వత్తు ఎంత దిగుతుందని నేను అడిగితే "దానికి కొలతేందమ్మే, కన్నుండాది గదా" అన్నాడు. నా సాఫ్ట్‌వేర్, అక్షరం ఎంత కిందికి దిగిందో చూసి వరుసల మధ్య ఎడం తనే ఇచ్చింది. రఘునాథ్ దగ్గరిది ఫాంటులో మేం రాసిన ఎత్తునే నమ్మింది. కంప్యూటర్‌కు కన్ను లేదని ఆ మొండి మనిషికి ఎవరు చెప్పాలి?

నేనే చెప్పాను. కొన్నాళ్లు మామ నా షాపు గడప తొక్కలేదు. తర్వాత తనే వచ్చి, అన్నిటికంటే కిందికి దిగే వత్తును కొలిచి ఇచ్చాడు. ఎత్తు మార్చాను. నా దగ్గరా, రఘునాథ్ షాపులోనూ వరుసలు సరిగ్గా కుదిరాయి. ఆ రోజు మామ నాకు టీ ఇప్పించి, ఊరికే నవ్వాడు.

మర్నాడు ఫ్లెక్సు వేయడం చూద్దామని ఇద్దరం మళ్లీ రఘునాథ్ షాపుకు వెళ్లాం. మొదటి ఫ్లెక్సు ఎవరో నాయకుడి పుట్టినరోజుది. మా కళ్లముందే ఆపరేటర్ వరుసల్ని మౌస్‌తో దగ్గరికి నొక్కేశాడు. వత్తులు మళ్లీ గుడుల్లో ఇరుక్కున్నాయి.

"ఏందిరా అది?" మామ గొంతు లేచింది.

"నేనే నొక్కమన్నానప్పా. ఫోటోలకు సోటు సాల్లేదు" అన్నాడు రఘునాథ్.

"మళ్ల సదివేదెట్ల?"

"ఫ్లెక్సులో అక్షరాలు ఎవురు సదవతారప్పా? మొగాలు కనపడితే సాలు. ఊరికే గొడవ సెయ్యాకు, రేపట్నించి పనిలోకి రా."

ఆ పని లేకపోతే మామ ఇంట్లో పొయ్యి వెలగదు. అది నాకు తెలుసు, రఘునాథ్‌కూ తెలుసు. తెలిసే అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

మామ అరవకుండా నా వైపు తిరిగాడు. "మోహనా, నా అక్షరాలు ఈ పెట్టెలోంచి తీసెయ్" అన్నాడు.

ఆపరేటర్‌ను లేవమని, రఘునాథ్ చూస్తుండగానే తీసేశాను. రెండోసారి అడిగించుకోలేదు.