తొంభై ఏడు దగ్గర మరిగిన నీళ్లు

ఆ ఆదివారం పొద్దున వంటింట్లో ఉన్నది ఇద్దరం: మా వదిన, నేను. ఉన్న వస్తువులు: గ్యాస్ పొయ్యి, దాని మీద సగానికి నీళ్లున్న స్టీలు గిన్నె, ల్యాబుల్లో వాడే గాజు థర్మామీటరు, ఓపెన్ స్కూల్ పదో తరగతి సైన్స్ పుస్తకం. అన్న రాత్రంతా క్యాబ్ నడిపి వచ్చి హాల్లో పడుకున్నాడు. మారతహళ్ళిలో మాది చిన్న ఇల్లు. మెల్లగా మాట్లాడుకోవాలి.

వదిన బెళ్ళందూరులో ఒక ఆసుపత్రిలో క్లీనింగ్ పని చేస్తుంది. పదో తరగతి పాసైతే అక్కడి ల్యాబులోనే అటెండరుగా తీసుకుంటామన్నారు. రాత్రి షిఫ్టులు ఉండవు. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి. సైన్స్ రెండుసార్లు పోయింది. నేను ఇంజనీరింగ్ చదివాను కాబట్టి అది నా మీద పడింది. వారమంతా ఆఫీసులో స్క్రీన్ చూసి, ఆదివారం ఘన, ద్రవ, వాయు స్థితులు చెప్పాలంటే నాకు ఓపిక ఉండేది కాదు. డ్యూటీ దిగి వచ్చిన ఆమె నిలబడే ఆవులించేది.

నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని చూపిస్తే గుర్తుంటుందనుకున్నాను. నీళ్లు తెర్లాయి. పాదరసం తొంభై ఏడు దగ్గర ఆగింది. మంట పెంచాను. అక్కడే ఉంది.

థర్మామీటరు చెడిపోయిందని చెప్పి, మరుసటి ఆదివారం ఇంకొకటి తెచ్చాను. అదీ తొంభై ఏడే.

"పరీక్షలో వందని రాసెయ్యి వదినా," అన్నాను.

ఆమె పుస్తకం మూసింది. "కంటితో చూసిందే అబద్ధమంటే, చూడంది నేనెట్ల నమ్మేదప్పా? అణువులంటివి. అవి ఎవురు చూసినారు?"

హాల్లోంచి అన్న గొంతు వినిపించింది. "ఆ నీళ్లలో కాఫీపొడన్నా వెయ్యండి. రెండు వారాలుగా ఊరికే కాగబెడతాండారు."

వదిన నవ్వలేదు. ఆ వారం పుస్తకం ముట్టలేదు.

ఒక సాయంత్రం బస్సు ట్రాఫిక్‌లో నిలిచిపోయినప్పుడు విషయం తట్టింది. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అందుకే నీళ్లు ముందే మరుగుతాయి. పుస్తకంలోని వంద సముద్రమట్టం దగ్గరి లెక్క. ఎప్పుడో చదివిందే. పుట్టి పెరిగింది ఈ ఎత్తులోనే అయినా ఆ వందనే నమ్ముకుని ఉన్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. ఆమె తన ఊరి గురించి అడిగింది.

"అయితే మా హిందూపురంలో?"

"ఇక్కడికంటే కింద కదా. తొంభై ఎనిమిది ఉండొచ్చు."

"అందుకేనా ఈడ గిన్నెలో పప్పు బిరీన ఉడకదు?"

"అదీ ఒక కారణమే."

పుస్తకం మళ్లీ తెరిచింది. అప్పటినుంచి ప్రతి అంకెకూ ఒకటే ప్రశ్న: ఇది ఏడ? ఎంత వేడిలో? మంచు కరగడం, ఉప్పు కరగడం, నీటి సాంద్రత, ఏదీ వదల్లేదు. ఒక్కో పేజీకి ఒక పూట పట్టేది. పరీక్ష దగ్గరపడింది. ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలే పెట్టలేదు.

"కొన్నయినా బట్టీ పట్టు వదినా," అన్నాను విసుగ్గా.

"రెండుసార్లు బట్టీ పట్టే కదా పోయింది."

హిందూపురం వెళ్లి రాసొచ్చింది. మరిగే స్థానం మీద ప్రశ్నే రాలేదట. మిశ్రమానికీ సమ్మేళనానికీ తేడా అడిగితే రెండు పేజీలు రాసిందట. ఆమ్లాల ప్రశ్నలు వదిలేసి, వచ్చి పడుకుంది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె డ్యూటీలో ఉంది. ఆఫీసులో భోజనం మధ్యలో నేనే ఫోన్‌లో చూశాను. పాసవడానికి ముప్పై ఐదు కావాలి.

సైన్స్: ముప్పై ఎనిమిది.