సగం కొరికిన బీకో

ఆ రోజు తప్పు నాదే. ఎనభైల మొదట్లో చికాగోలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. తోటి ఉద్యోగిని లూర్దెస్‌ది ఫిలిప్పీన్స్. వాళ్లమ్మ సంవత్సరీకానికి వండిన బీకో తెచ్చింది. కొబ్బరిపాలు, బెల్లంతో ఉడికించే జిగురుబియ్యం మిఠాయి అది.

"ఇందులో మాంసం లేదు కదా?" అన్నాను.

"మాంసమా! నీ అనుమానం తగలెయ్య, చూడు రావ్!" అని నవ్వుతూ ముక్క కొరికి, మిగతాది నా చేతిలో పెట్టింది.

ఎంగిలి! ఆమె అటు తిరగగానే చెత్తబుట్టలో పడేశాను. తలెత్తితే ఆమె నన్నే చూస్తోంది.

"అమ్మ పేరున చేశాను," అంది.

మర్నాడు ఎంగిలి అంటే ఏమిటో వివరించి, క్షమించమన్నాను.

"అంటే నా నోరు మురికిదా?"

ఆ ఏడాదంతా మధ్యాహ్నం ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. నా పులిహోర తీసుకునేది. తన డబ్బా మాత్రం ఎన్నడూ నావైపు జరపలేదు.