‘నేను’ అని రాసిన ఉత్తరం

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాలో రెండింటికి కరువుండేది. ఊళ్లలో నీళ్లకు, ఆఫీసుల్లో ‘నేను’ అనే మాటకు. మొదటి కరువు గురించి చాలామంది రాశారు. రెండోదాని గురించి ఎవరూ రాసినట్టు లేదు కనుక, అందులో కొన్నాళ్లు బతికిన మనిషిగా నేను రాస్తున్నాను. డెబ్బైల చివర, ఇరవై రెండేళ్ల వయసులో, యాడికి అనే ఊరి వైపు ఒక పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆరు నెలల టెంపరరీ ఉద్యోగం. టైపు నేర్చుకున్నాను, ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాస్తాను, కనబడినదాన్నల్లా లెక్కపెట్టి డైరీలో రాసుకుంటాను (ఆఫీసు మెట్లు తొమ్మిది, అందులో ఎనిమిదోది పగిలింది). ఇన్ని అర్హతలున్న మనిషికి ఇబ్బంది రాదనుకున్నాను. మొదటి రోజే వచ్చింది.

మా హెడ్ గుమాస్తాను అందరూ చాటుగా ‘మే సారు’ అనేవారు. ఇంగ్లీషులో ‘కావచ్చు’ అనడానికి వాడే ‘మే’ లేకుండా ఆయన వాక్యం రాసేవారు కాదు. అనుమానం ఎక్కువైన రోజున ‘మైట్’ అనేవారు. అది అంతకన్నా మెత్తన. ఇక వాక్యం ఎప్పుడూ ‘ఇట్’తో, అంటే ‘అది’తో మొదలు కావాలి. అది తెలియవచ్చింది, అది భావించబడుతోంది, అది పరిశీలించబడవచ్చు. నేను ‘ఐ’ అని మొదలుపెట్టిన మొదటి కాగితాన్ని ఆయన రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వెలుతురులో చూశారు. ఆయనది ధర్మవరం, మగ్గాల ఇల్లు.

“చూడు మా, పట్టుచీర నేసేటప్పుడు పోగు తెగితే ముడేస్తాం. ఆ ముడి పైకి కనపడితే చీర చెడిపోయినట్టే. ఆఫీసు ఉత్తరమూ అంతే. పని జరగల్ల, చేసినోడు కనపడకూడదు. ‘నేను’ అంటే ముడి పైకి తేలినట్టు.”

ఈ పాఠం వంటబట్టిన తొమ్మిదో రోజు, ఒక సోమవారం, బిందెత్త వచ్చింది. అసలు పేరు వేరే ఉంది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చేది కనుక నా డైరీలో బిందెత్త అయింది. వాళ్ల ఊళ్లో నలభై ఒక్క ఇళ్లు, ఒక్కటే బోరింగు. అది చెడిపోయింది. ఆడవాళ్లు మైలున్నర దూరంలో ఒక రైతు బావికి పోయి, ఆయన మోటారు ఆడినంతసేపే పట్టుకుని రావాలి. నేను రిపేరు ఆఫీసుకు ఒక ఉత్తరం చిత్తు రాశాను: బోరింగు చెడిపోయింది, మెకానిక్కును పంపండి. మే సారు దాన్ని నలభై ఆరు మాటలు చేశారు. ఫలానా ఊరి బోరింగు పనిచేయని స్థితిలో ఉండవచ్చునని తెలియవచ్చినదనీ, వీలునుబట్టి ఒకరిని పంపే విషయం పరిశీలించబడవచ్చుననీ దాని సారాంశం.

పన్నెండో రోజుకు జవాబు వచ్చింది. ‘ఉండవచ్చును’ అన్నారు కనుక ఉన్నదో లేదో తెలియజేయబడవచ్చునని. మే సారు మురిసిపోయారు. “అబ్బ, ఏం రాసినాడు మా! ఆడ కూడా తెలిసినోడు ఉండాడు,” అన్నారు. మేమూ అంతే అందంగా జవాబిచ్చాం. ఈలోగా బిందెత్త ప్రతి సోమవారం వస్తూనే ఉంది.

“ఏం పాపా, ఏమన్నారు మీవోళ్లు?”

“పరిశీలించబడుతుంది అత్తా.”

“ఎవురు చూస్తారు?”

“ఎవరని ఉండదు. అట్లా రాస్తారు.”

“ఎవురూ లేకుండా బోరింగు ఎట్ల బాగైతాది? దయ్యమొచ్చి బాగు చేస్తాదా? ఆ చూసే ఆయప్ప ఎవురో చెప్పు, నేనే పోయి కాళ్లు పట్టుకుంటా. నా కోడలికి ఏడో నెల. మైలున్నర మోస్తాంది.”

నా దగ్గర చూపించడానికి ‘ఆయప్ప’ లేడు. ఆ రాత్రి డైరీలో బిందెత్త మాట ఒక్కటే రాసుకున్నాను, లెక్కలు రాయలేదు.

మూడో జవాబులో రిపేరు ఆఫీసువారు ఇంకా లోతుకు వెళ్లారు. చేతిపిడిని మరికొంత ఎక్కువసేపు కొట్టినచో నీళ్లు రావచ్చునేమో పరీక్షించబడినదా అని అడిగారు. సరిగ్గా అప్పుడే మే సారు బంధువుల పెళ్లికని ధర్మవరం పోయారు, పది రోజుల సెలవు. నేను ఆదివారం ఉదయం బస్సెక్కి, రోడ్డు మీద దిగి, రెండు మైళ్లు నడిచి ఆ ఊరికి పోయాను. పదకొండు గంటలకు బోరింగు పిడి పట్టుకున్నాను. పిడి బరువు లేకుండా పైకీ కిందికీ ఆడుతోంది, లోపల కడ్డీ తెగినట్టుంది. అయినా పరీక్ష పరీక్షే. లెక్కపెడుతూ కొట్టాను. చుట్టూ చేరిన ఆడవాళ్లు కాసేపు చూసి, నాకు మతి చలించిందని ఒక నిర్ణయానికి వచ్చి, జాలిపడ్డారు. నూట డెబ్బై రెండు దగ్గర నా అరచేతుల్లో బొబ్బలు పగిలాయి. బిందెత్త నన్ను పక్కకు జరిపి, “నువ్వు లెక్క పెట్టు పాపా, నేను కొడతా,” అని మరో నలభై కొట్టింది. మొత్తం రెండు వందల పన్నెండు. ఒక్క చుక్క రాలేదు.

సోమవారం పొద్దున్నే టైపు చేశాను. ‘పిడి కొట్టబడినది’ అంటే ఎవరు కొట్టారని మళ్లీ అడుగుతారు, అది ఇంకో పన్నెండు రోజులు. కనుక ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు రాశాను: “ఆదివారం నేను ఆ ఊరికి వెళ్లాను. రెండు వందల పన్నెండు సార్లు బోరింగు కొట్టాను. నీళ్లు రాలేదు. మనిషిని పంపండి.” ఉత్తరం కింద సంతకం పెట్టేది సమితికి పెద్దయిన బీడీవో సారని నాకు తెలియక కాదు. ఆ సమయానికి గుర్తురాలేదు. ఆయన కోస్తా నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి, నడుము నొప్పి, ఎండ పడదు. ఆ రోజు సంతకాలకు ముప్పై నాలుగు కాగితాలు వెళ్లాయి. నాది పందొమ్మిదోది. చదవకుండానే పెట్టారు.

గురువారానికల్లా రిపేరు లారీ ఊళ్లో ఉంది. ఆ పై సోమవారం బిందెత్త నిండు బిందెతో ఆఫీసుకు వచ్చింది, నీళ్లు చూపించడానికి. అదే సమయానికి రిపేరు ఆఫీసరు కూడా వచ్చి, బీడీవో సారు చేతులు రెండూ పట్టుకున్నాడు.

“ఏం సార్, ఎండలో రెండు వందల పన్నెండు సార్లు కొట్టినారంటనే! మీ ఉత్తరం మావోళ్లందరికీ చదివి వినిపించినాను. ఒక్కడూ తల ఎత్తలేదు.”

బీడీవో సారు ఆయన తెచ్చిన ఉత్తరం చూశారు. కింద తన సంతకం చూశారు. తర్వాత గుడ్డ కట్టుకున్న నా చేతులు చూశారు. నా ఆరు నెలల ఉద్యోగం పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే ఉంది.

“నేను... వెళ్లాను కదూ?” అన్నారు ఆయన, ఎవరినీ చూడకుండా.

గుమ్మం దగ్గర నుంచి బిందెత్త అందుకుంది. “రాకపోతే ఏమి సారూ? మా ఊరంతా చూసింది కదా! గుక్కెడు మజ్జిగ తాగమన్యా తాగల్యా. బొబ్బలెక్కినా నిలపల్యా.”

బీడీవో సారు మెత్తని చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నారు. అందరూ వెళ్లాక నన్ను పిలిచారు.

“ఎన్నిసార్లు కొట్టానమ్మా?”

“రెండు వందల పన్నెండు సార్.”

“కొంచెం తక్కువ రాసి ఉండవచ్చేమో,” అని, పొడిగింపు కాగితం మీద సంతకం చేశారు. ఈమె సేవలు కొనసాగించబడవచ్చునని భావించబడుతున్నది అని అందులో ఉంది. ఎవరు భావించారో లేదు. మే సారు తిరిగొచ్చి, ఫైల్లో నకలు తీసి, కిటికీ వెలుతురులో చదివారు. చివరికి, “ముడి పైకి తేలింది మా,” అన్నారు. ఫైలు కట్టేస్తూ, “నీళ్లొచ్చినాయంటనా?” అని మాత్రం అడిగారు.

తర్వాత ముప్పై అయిదేళ్లు ఉద్యోగం చేశాను. మే సారు కుర్చీలోనే కూర్చుని రిటైరయ్యాను. మళ్లీ ఎప్పుడూ ‘ఐ’ అని రాయలేదు. పోయిన వారం మా వీధి కొళాయి చెడిపోతే ఫిర్యాదు రాద్దామని కూర్చున్నాను. ‘కొళాయి పనిచేయకపోవచ్చునని తెలియవచ్చింది’ అని రాసి, కళ్లజోడు తీసి, తలుపులోంచి చూశాను. కొళాయి మా గడపకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. నాలో నేనే నవ్వుకుని, ఆ కాగితం చింపి, ఇంకోటి తీసుకున్నాను. దాని మీద ఫిర్యాదుకు బదులు ఇదంతా రాసేశాను. కొళాయి సంగతి రేపు చూస్తాను. అవును, నేనే చూస్తాను.

ఒక్క లెక్క మిగిలిపోయింది. ఆ ఉత్తరంలోని రెండు వందల పన్నెండులో నూట డెబ్బై రెండు నావి, నలభై బిందెత్తవి. సారుది సంతకం.