నేను చూడని తాబేలు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఏనుగంత బరువు. ఏనుగంత కాదులెండి, గొర్రెపిల్లంత. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా పెంచే చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు తెరుస్తున్నాను.

మాది గార్లదిన్నె పక్క పల్లె. ఇక్కడ సముద్రం గురించి ఎంత అబద్ధమైనా ఆడొచ్చు, చూసినవాడు లేడు గనక కాదనేవాడూ ఉండడు. టీ అంగడి దగ్గర నేను చెప్పే కథ ఒకటుండేది. మంగళూరు పోయి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, సముద్రంలో పది నిలువుల లోతుకు దిగి, తాబేలు వీపు నిమిరి వచ్చానని. మొదట్లో ఆ తాబేలు తట్టంత ఉండేది. పోనుపోను మంచమంత అయింది. మంగళూరు పోయిన మాట నిజం. పెళ్లికి. భోంచేసి అదే రాత్రి బస్సెక్కాను. సముద్రం ఏ దిక్కున ఉందో కూడా అడగలేదు.

ఆ కథను పూర్తిగా నమ్మినవాడు కాశిం. బావుల్లో మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు పూడిపోతే, మునిగి శుభ్రం చేసేవాడు. చుట్టుపక్కల వాడు దిగని బావి లేదు. తర్వాత బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి. బోరులోకి మనిషి దిగలేడు కదా. పంచరు అంగడి పెట్టుకున్నాడు. అక్కడ నీళ్లలో మునిగేవి ట్యూబులే.

ఒకరోజు ఫోన్లో వీడియో చూపించాడు. కర్ణాటక తీరంలో, దీవి అడ్డముండి అలలు రాని చోట, మనుషులకు సిలిండరు కట్టి నీళ్లలోకి దింపుతున్నారు. చేపలు పట్టనివ్వరట, అందుకని అవి మనుషులకు బెదరవట. ఇద్దరం పోదామన్నాడు. గుంతకల్లులో రైలు మారాలని కనుక్కున్నాడు. నీలం నిక్కర్లు కొన్నాడు, నాకూ ఒకటి. అతని భార్య చెనిక్కాయ పప్పు, బెల్లం దంచి ఉండలు చేసి డబ్బాకెత్తింది. “ముందు నువ్వు దిగాలన్నా, నీ ఎనకాలే నేను” అన్నాడు. నాకు ఈత కూడా రాదు.

అక్కడికి ఫోన్ చేసే పని నాది. చేశాను. డాక్టరు సరేనంటే వయసు అడ్డం కాదు, రమ్మన్నారు. ఆ మాట చెప్పడానికే పోయాను, నమ్మండి. అంగడి ముందు సిమెంటు తొట్టిలో ముఖం ముంచి ఉన్నాడు కాశిం. ఊపిరి బిగబట్టడం సాధన చేస్తున్నాడు. నిలబడి చూశాను. తల ఎత్తాడు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి, ముఖమంతా నవ్వు.

“ఏమన్నా, ఏమంటాండారు?”

“అరవై దాటినోళ్లను దింపరంటప్పా.”

తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు. “బాయిలో దిగేటప్పుడు ఎవురూ నా వయసు అడగల్యా గదన్నా” అన్నాడు. తర్వాత, “పోనీలే. నువ్వన్నా చూసొచ్చినావు. ఆ తాబేలు కత ఇంగోసారి చెప్పు.”

చెప్పాను. ఉండలు తింటూ చెప్పాను. ఎక్కువ తిన్నది నేనే.

ఎందుకు చేశాను? నలుగురూ నవ్వుతారనా? ఆ నలుగురు ఎవరు, టీ అంగడి బల్ల మీద కునికే ఇద్దరు ముసలివాళ్లు. వాళ్ల నవ్వుకు భయపడి, మళ్లీ ఒక్కసారి నీళ్ల అడుగు చూడాలన్న మనిషిని గట్టు మీదే ఆపేశాను. సముద్రం చూడలేదురా అని ఒక్క మాట అంటే వాడు నవ్వేవాడు, నా చెయ్యి పట్టుకుని ముందు తనే దిగేవాడు. అది నాకు అప్పుడూ తెలుసు.

పోయినేడు ఎండల్లో కాశిం పోయాడు. మంచం పట్టినప్పుడు కూడా ఆ కథే అడిగాడు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. నేను తాబేలును ఇంకొంచెం పెద్దది చేశాను.

ఇప్పుడు కథ చెప్పమనేవాళ్లు లేరు. టీ అంగడికి పోవడం మానేశాను. మొన్న కాశిం అంగడి ముందు తొట్టిలో నేనూ ముఖం ముంచాను. కళ్లు తెరవలేకపోయాను.

వాడికి చెప్పవలసింది మీకు చెప్పాను. క్షమించమని కాదు, ఆ పని చేయగలిగినవాడు లేడు. ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది, అంతే. మొదట ఏనుగంత అన్నాను కదా. అది మాత్రం పెంచి చెప్పింది కాదు.