గోడ అవతలి చప్పుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, చెప్పేదానికి సిగ్గుగానే ఉండాది, అయినా చెప్తాను. బంగారు మైన్స్ మూసేసినాక కూడా నేను కూలోళ్ళకు కంపెనీ ఇచ్చిన అదే లైన్ ఇంట్లో ఉండిపోయినాను. అక్కడ కక్కసులు వరసగా ఉంటాయి, మధ్యలో రేకు గోడ. రెండేళ్ళపాటు నాకు ఒంటికి పోవడమే గండమై, లోపల నిలబడి చుక్క చుక్కకీ ప్రార్థన చేస్తా ఉంటే, గోడ అవతల పక్కింటి దేవసహాయమన్న వచ్చి, కొళాయి తిప్పినట్టు పోసి, పాడుకుంటా పోయేవాడు! నాకంటే నాలుగేళ్ళు పెద్ద ఆయన!

ఈ గుడిలోనే ఆయన లేచి, నాలాంటి బాధే తనకూ ఉండి ప్రార్థనతో బాగయిందని సాక్ష్యం చెప్పినాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టినాను గానీ నా కడుపు మండిపోయింది. ఆయన ప్రార్థనకు పలికిన దేవుడు నా ప్రార్థనకు పలకడా అని పంతం పట్టి, అంతకుముందే ఒక డాక్టరు రాసిచ్చిన మందుల చీటీని బైబిల్లో దాచేసినాను.

“ప్రభువా, ఆరాధనకు ఆయనకంటే ముందు వచ్చేది నేనే కదా. ఆయనకిచ్చింది నాకూ ఇయ్యి. లేదంటే ఆయనకూ ఆపు.” ఇదీ నా ప్రార్థన.

ఆగింది నాది. ఒక పొద్దున చుక్క కూడా రాక, పొత్తికడుపు రాయిలా బిగిసి అరుస్తా ఉంటే, ఆ సహాయమన్నే నన్ను ఆటోలో కోలారు ఆసుపత్రికి తీసుకపోయినాడు. గొట్టం వేసి కాపాడినారు. పరీక్షలన్నీ చూసి, వయసుకు ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారి నొక్కేస్తా ఉందని చెప్పి, డాక్టరమ్మ రెండు మాత్రలు రాసింది. ఒకటి దారిని వదులు చేస్తుందంట, ఇంకొకటి నెలల మీద గ్రంథిని తగ్గిస్తుందంట. తల తిరగొచ్చు, మెల్లగా లేవాలని చెప్పింది. ఇవే ముందొక డాక్టరు రాసిచ్చినాడని నేను చెప్తే, మరి ఎందుకు మింగలేదని అడిగింది; నా పంతం సంగతి చెప్పేసినాను.

అప్పుడు సహాయమన్న జేబులోనుంచి ఒక మాత్రల అట్ట తీసినాడు. అదే మాత్ర!

“నేనూ రెండేళ్ళుగా ఇదే మింగతా ఉండానప్పా. గుడిలో చెప్పేదానికి సిగ్గయి, ప్రార్థన మాటొక్కటే చెప్పినాను. నా సిగ్గు నిన్ను యాడికి తెచ్చిందో చూడు” అని ఏడ్చినాడు.

రెండేళ్ళు నేను అసూయపడింది ఒక మాత్రను చూసి, సహోదరులారా! కొన్నాళ్ళకు గొట్టం తీసేసినారు, నా అంతట నేనే పోసుకున్నాను. దేవునికే మహిమ! డాక్టరుకు బుద్ధినిచ్చిందీ, మాత్రలో గుణం పెట్టిందీ ఆయనే. ఇక్కడ నాలాగా దాచుకోని కూర్చున్న పెద్దలెవరైనా ఉంటే, ప్రభువుకు చెప్పుకోండి, డాక్టరుకూ చూపించుకోండి, నమ్మి ముందుకు రండి.

సహాయమన్న ఒప్పుకున్నాకే ఇదంతా చెప్పినాను. ఈ పొద్దున కూడా గోడ అవతల ఆయనే ముందు ముగించుకోని పాడుకుంటా పోయినాడు. నా కడుపు మండింది, కొంచెమే. దానికి మాత్ర లేదు, నాకోసం ప్రార్థన చేయండి.