రత్నమ్మ పెద్దమ్మ పలకరింపు

వేపాకు వేసి కాచిన నీళ్ల వాసన తగిలితే ఇప్పటికీ నా మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి. మొన్న పక్కింట్లో అమ్మవారు పోసి తగ్గిన పాపకు స్నానం చేయించడానికి నీళ్లు కాచారు. ఆ చేదు ఆవిరి గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయాను, ఎవరో నా పేరు అడగబోతున్నట్టు.

రత్నమ్మ పెద్దమ్మ మాకు చుట్టం కాదు. నారాయణఖేడ్‌లో చర్చి వెనక సందులో మాదీ ఆమెదీ ఒకే గోడ. ఒకప్పుడు దవాఖానలో ఆయాగా పనిచేసింది. మా క్రైస్తవ ఇళ్లలో ఆడవాళ్లెవరు పోయినా స్నానం చేయించి, చీర కట్టి, పెట్టెలో పడుకోబెట్టేది ఆమే. అందుకే బజారులో ఆమె ఎదురొస్తే కొందరు పక్కకు తప్పుకునేవారు. ఆమె మాత్రం తప్పుకున్నవాళ్లను కూడా పేరు పెట్టి పలకరించేది.

నాకు మనుషులంటే భయం. ఇంటికి ఎవరొచ్చినా దొడ్లోకి పోయేదాన్ని. ఇంటర్ అయ్యాక, 2001లో, సంగారెడ్డిలో ఒక ఆఫీసు వాళ్లు ఉద్యోగానికి పిలిచారు. బల్ల అవతలి మనిషి నా పేరు అడిగాడు. నా పేరు నాకు తెలుసు, గొంతులోంచి రాలేదు. తిరిగొచ్చి చెబితే అమ్మ చాలాసేపు ఏడ్చింది. గోడ అవతల అంతా విన్న పెద్దమ్మ మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడింది.

"సిర్గాపూర్‌ల ఒకామె పోయిందట. చెయ్యి సాయం గావాలె. సుజాతను తోల్కపోత."

అమ్మ అదిరిపడింది. "అక్కా, పిల్ల బెదురుతది!"

"బతికినోళ్ల ముందల నోరు లేస్తలేదు గదా. జర గాడ సూద్దాం."

ఎందుకు వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఇంటి ముందు మగవాళ్లు గుంపుగా కూర్చున్నారు. లోపలి గదిలో చనిపోయినామె నా కంటే కొంచెం పెద్దది, అంతే. పెద్దమ్మ గడప బయటే ఆగి, "అమ్మా, నేను రత్నమ్మను. వస్తున్న" అంది. కాసేపు ఆగింది. తల ఊపింది. అప్పుడు లోపల అడుగు పెట్టింది. వేపాకు వేసి కాచిన నీళ్లు పోసే ముందు "నీళ్లు గోరెచ్చగున్నయి" అని చెప్పింది. జుట్టు విప్పే ముందు చెప్పింది. ప్రతి మాట తర్వాతా ఆగేది. ఆగినప్పుడు ఆమె ముఖం చూస్తే, నాకు వినపడని మాటేదో ఆమెకు వినపడుతోందని అనిపించేది. గదిలో ఈగలు కూడా లేవు.

"గట్ల నిలవడ్డవేందే? నీ పేరు చెప్పు ఆమెకు."

నేను చెంబు అందుకొని నీళ్లు ముంచాను.

"నీకంటె ఆమెకే ఎక్కువ భయమున్నది. కొత్త జాగ. ఎవ్వల్నీ ఎరుగది. తెల్వని చేతులు మీద వడితె పరేషాన్ అయితది."

ఎంతసేపటికో, "నేను సుజాతను" అన్నాను. "ఖేడ్ నుంచి వచ్చిన. భయపడకు."

అప్పటిదాకా బిగుసుకొని ఉన్న ఆ చేతి వేళ్లు, నీళ్ల వేడికో మరి దేనికో, మెల్లగా విచ్చుకున్నాయి. పెద్దమ్మ నా వైపు చూడకుండానే, "ఇన్నది" అంది, నా మాట ఆమె విన్నదని.

ఆ తర్వాత ఎన్నో ఇళ్లకు ఆమె వెంట వెళ్లాను. కంగ్టి దాకా బస్సెక్కి పోయిన రోజులున్నాయి. మాట కొద్దికొద్దిగా వచ్చింది. కంప్యూటర్ నేర్చుకున్నాను, ఊళ్లోనే ఒక కాలేజీ ఆఫీసులో ఆపరేటరుగా చేరాను. ఒకరిద్దరితో మాట్లాడగలిగేదాన్ని, నలుగురు చేరితే మళ్లీ గొంతు పూడుకుపోయేది. అందుకే బ్లాగు నాకు వరమైంది. 'ఊరిపిల్ల' అన్న పేరుతో రాసేదాన్ని. ఎవరూ నా ముఖం చూడరు. నా టపాలకు అందరికంటే ముందు వ్యాఖ్య రాసేది 'వానకోయిల'. ఎవరో, ఎక్కడుంటుందో తెలియదు. రాసిన ప్రతిదీ శ్రద్ధగా చదివేది. ఒకసారి, "పోయినవాళ్లతో మాట్లాడితే వాళ్లు నిజంగా వింటారా?" అని అడిగింది. "వింటారని మా పెద్దమ్మ అంటుంది" అని జవాబిచ్చాను.

సిర్గాపూర్ వెళ్లొచ్చిన పదేళ్లకు హైదరాబాదులో తెలుగు బ్లాగర్లంతా ఒకచోట కలుద్దామనుకున్నారు. వానకోయిల కూడా వస్తానని రాసింది. నేను రానని రాసి, తుడిపేసి, మళ్లీ రాస్తుంటే పెద్దమ్మ కంప్యూటర్ తెర వైపు చూసి, "అండ్ల ఉన్నోళ్లంత మనుషులేనా?" అంది. అవునన్నాను. "అయితె పో. మొకాలు సూసి రా" అంది.

అది పెద్ద హాలు. ఏళ్ల తరబడి నేను చదివిన మాటలన్నీ అక్కడ అపరిచితమైన ముఖాలు తొడుక్కొని తిరుగుతున్నాయి. నేను ఇరవై ఏళ్ల అమ్మాయనుకున్న మనిషి బట్టతల పెద్దాయన. అందరూ మారుపేర్లతో పిలుచుకుంటూ నవ్వుతున్నారు. నవ్వులన్నీ నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టున్నాయి. గోడకు ఆనుకొని తలుపు ఎటుందో చూసుకుంటున్నాను. అప్పుడు కనిపించింది చివరి వరసలో ఒకామె. ఒడిలో చేతులు బిగించి, కదలకుండా, రెప్ప వేయకుండా కూర్చుంది. చుట్టూ కుర్చీలు ఖాళీ. ఆ కూర్చోవడం నేను ఎరుగుదును. ఈమెకు నాకంటే ఎక్కువ భయంగా ఉందనిపించింది.

దగ్గరికి వెళ్లాను. రెండడుగుల దూరంలోనే ఆగి, "నేను సుజాతను. నారాయణఖేడ్ నుంచి వచ్చిన. వస్తున్న, భయపడకు" అన్నాను. ఆ గొంతు నాది కాదు. పెద్దమ్మది.

ఆమె తలెత్తింది. "ఊరిపిల్లవా?"

"మీరు?"

"వానకోయిల" అని, వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు. వానకోయిల మా అక్క వసంత. పోయి ఏడాది దాటింది. నేను మాధవిని."

ఆ ఏడాదంతా నాతో ముచ్చట పెట్టింది ఎవరు? మాధవి చెప్పింది. అక్క పోయిన వారానికి బ్లాగు తెరిచి చూస్తే, "ఎక్కడికి పోయారు, బాగున్నారా?" అని ఎవరో అడిగి ఉన్నారట. చనిపోయిందని రాయడానికి చేతులు రాక, "బాగున్నాను" అని రాసిందట. మర్నాడు ఇంకొకరు. అలా టపాలు కూడా రాయడం మొదలుపెట్టింది. "కొన్ని రోజులకు ఏది అక్క మాటో, ఏది నాదో తెలుస్తలేదు సుజాతా. నేను రాయని మాటలు కూడా పొద్దున చూస్తే ఉంటున్నయి. ఇయ్యాల అందరికీ చెప్దామని వచ్చిన. నోరు వస్తలేదు. చెప్పకుండ పోతే నేను ఇగ మిగలను."

వేదిక మీద ఎవరో మైకులో, "వానకోయిల గారు వచ్చారట, ఎక్కడున్నారు?" అని పిలుస్తున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాధవి చెయ్యి పట్టుకున్నాను, మంచులా ఉంది. ఇద్దరం నడిచాం. మైకు నేనే తీసుకున్నాను. ఎదురుగా అన్ని ముఖాలు. ముందు నా పేరు చెప్పాను, నా ఊరు చెప్పాను.

"ఈమె మాధవి. వానకోయిల చెల్లె. వానకోయిల ఇప్పుడు లేదు. ఈమె మీకు ఒక మాట చెప్తది. జర ఇనండి."

మాధవి చెప్పింది, ఏడుస్తూనే మొత్తం చెప్పింది. కొందరు లేచి వెళ్లిపోయారు. ఒకాయన మోసమన్నాడు. ముందు వరసలోని ఒక ముసలాయన మాత్రం వేదిక దగ్గరికి వచ్చి, "అమ్మా, మా ఆవిడ పోయినప్పుడు నాకు రోజూ ధైర్యం చెప్పింది మీ అక్కా, నువ్వా?" అని అడిగాడు.

"నేనే, సార్."

ఆయన చేతులు జోడించాడు. "అయితే నాకు తెలిసింది నువ్వే. బతికే ఉన్నావు. అది చాలు."

ఊరికి వచ్చి అంతా చెబితే పెద్దమ్మ చివరిదాకా విని, ఒక్కటే అడిగింది: "జనానికి చెప్పింది మంచిదే. అక్కకు చెప్పిందా, ఇగ పొమ్మని?" ఆ మాట మాధవికి ఫోనులో చెప్పాను. కొన్నాళ్లకు ఆమె తన పేరుతో కొత్త బ్లాగు మొదలుపెట్టింది. పాతదాంట్లో ఆ తర్వాత ఒక్క మాట కూడా చేరలేదు.

2014 చలికాలంలో పెద్దమ్మ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం గంజి తీసుకొని వెళ్లేసరికి, గోడ దగ్గరి ఖాళీ స్టూలు వైపు తిరిగి మెల్లగా మాట్లాడుతోంది. నన్ను చూసి ముఖం విప్పారింది.

"అగో, వచ్చింది. మన సుజాతనే" అంది స్టూలుతో. తర్వాత నా వైపు తిరిగి, "నీ పేరు చెప్పు. ఆమె నిన్ను ఎరుగది" అంది.

"ఎవరు పెద్దమ్మా?"

"నన్ను తోల్కపోనీకి వచ్చింది. పాపం, ఆమెకూ కొత్తనే."

పట్టపగలు. తలుపు తెరిచే ఉంది. స్టూలు మీద ఎవరూ లేరు. నేను గంజి గిన్నె కింద పెట్టి, పైట సర్దుకొని, ఆ ఖాళీ జాగా వైపు చూస్తూ, "నేను సుజాతను. పెద్దమ్మ పక్కింటిదాన్ని. మెల్లగ తీస్కపో" అన్నాను. గొంతు వణకలేదు. ఆ సాయంత్రమే ఆమె పోయింది.

ఇప్పుడు ఏ సభకు వెళ్లినా, ఎవరూ పలకరించని మనిషి కోసం నా కళ్లు ముందు వెతుకుతాయి. దగ్గరికి వెళ్లి పేరు చెబుతాను, జవాబు కోసం ఆగుతాను. ఆ ఆగడంలో కొన్నిసార్లు, ఎదుటి మనిషి నోరు తెరవక ముందే, నా పక్కన ఎవరో "ఇన్నది" అంటారు. తిరిగి చూడను. మాట కొనసాగిస్తాను.